ఖాకీ బట్టల్లో మనవణ్ణి చూసి అత్తమ్మ వణికిపోయింది

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర పల్లె. మా అత్తమ్మకు 86 ఏళ్లు. పోయినేడు మామయ్య కాలం చేశారు. రెండు నెలలకు ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి రాత్రిళ్లు లేచి కూర్చుంటోంది. "దీపం తీసెయ్, వస్తుండ్రు" అంటుంది. గొళ్లెం పెట్టి, తలుపుకు మంచం అడ్డం జరుపుతుంది. రొట్టెలు చీర మడతల్లో దాస్తే సందుగ నిండా చీమలు. వరికోతలైన రోజుల్లో మరీ ఎక్కువ. మా పెద్దోడికి ఈమధ్యనే కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చింది. ట్రైనింగ్ అయ్యాక యూనిఫాంలో వచ్చి నానమ్మ కాళ్లు మొక్కబోతే, ఆమే వాడికి దండం పెట్టి "మా ఇంట్ల ఎవ్వరు లేరు దొరా, గింజలు గూడ లేవు" అని గోడకు ఒదిగిపోయింది. వాడు ఏడ్చేశాడు. గాలి సోకింది, దర్గాకు తీసుకుపోదాం అంటారు మా ఆయన. ఆర్‌ఎంపీ ఇచ్చిన నిద్రగోళీ వేస్తున్నాం, పొద్దునకు తూలుతోంది. మామయ్య ఉన్నన్నాళ్లూ ఎండైనా చలైనా తలుపు దగ్గర వాకిట్లోనే మంచం వేసుకునేవారు, ఆమె లోపల హాయిగా నిద్రపోయేది. ఇన్నేళ్లు బాగున్న మనిషి ఇప్పుడెందుకిట్లా? సెప్టెంబర్ 17న ఆమెకు శాలువా కప్పుతామని ఊళ్లోవాళ్లు అడుగుతున్నారు. రజాకార్ల కాలం సంగతులు చెప్పించి వీడియో తీస్తానని మా చిన్నోడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత, ముందు ఆ నిద్రగోళీ సంగతి చూడండి. ఆ వయసులో నిద్రగోళీలు చాలావరకు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తాయి. మత్తు పొద్దున దాకా దిగదు, కాలు తడబడుతుంది, మనసు ఇంకా గజిబిజి అవుతుంది. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగిందంటే ఈ వయసులో మళ్లీ లేచి తిరగడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. అట్లాగని కొన్ని వారాలుగా వేస్తుంటే ఇవాళే టక్కున ఆపేయకండి. కొన్ని రకాలు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ కూడా రావచ్చు. గోళీల అట్ట చేత్తో పట్టుకొని డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఎట్లా తగ్గించాలో వాళ్లు చెప్తారు.

ఇక "ఇప్పుడెందుకు" అన్న ప్రశ్న.

ఇప్పుడు 86 అంటే రజాకార్ల కాలానికి ఆమె పదేళ్లు కూడా నిండని పిల్ల. 1946 జులైలో కడవెండిలో దొరలకు ఎదురు తిరిగిన సంగం (ఆంధ్ర మహాసభ) మనిషి దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగినప్పటి నుంచి ఆ చుట్టుపక్కల పల్లెలకు కంటి మీద కునుకు లేదు. నిజాం పాలన నిలబెట్టాలని ఆయుధాలు పట్టిన రజాకార్లు ఊరి మీద పడితే గింజలు పోయేవి, గొడ్లు పోయేవి, మనుషులు పోయేవారు. సంగపోళ్లకు అన్నం పెట్టారని నిజాం పోలీసులు కొట్టేవాళ్లు. ఇళ్లు, గడ్డివాములు తగలబడేవి. సరిహద్దు దాటి కృష్ణా జిల్లాలో తలదాచుకున్న కుటుంబాలు నల్లగొండ వైపు ఎన్నో. 1948 సెప్టెంబర్ 13న భారత యూనియన్ సైన్యం వచ్చి 17 కల్లా నిజాం లొంగిపోయాడు సరే, పల్లెలకు మాత్రం అంతటితో తెరిపి రాలేదు. 1951 అక్టోబర్‌లో కమ్యూనిస్టులు సాయుధ పోరాటం విరమించే దాకా వాళ్ల దళాల కోసం పోలీసులు, మిలట్రీ ఇల్లిల్లూ గాలించారు. చిన్నపిల్లకు ఎవరు ఏ జెండా వాళ్లో ఏం తెలుస్తుంది? బూట్ల చప్పుడు తెలుస్తుంది, ఖాకీ తెలుస్తుంది, చీకట్లో అమ్మ నోరు మూసిన చెయ్యి తెలుస్తుంది. "దీపం తీసెయ్" అన్న మాట మీ అత్తమ్మది కాదేమో, వాళ్లమ్మదేమో అనిపించింది మీ ఉత్తరం చదువుతుంటే.

మామూలు జ్ఞాపకమైతే "అప్పట్లో ఇట్లా జరిగింది" అని గుర్తొస్తుంది. ప్రాణభయం మిగిల్చిన జ్ఞాపకం అట్లా రాదు. వాసనగానో చప్పుడుగానో వచ్చి మీద పడుతుంది, ఇప్పుడే, ఈ గుమ్మం ముందే జరుగుతున్నట్టు ఒళ్లంతా నమ్ముతుంది. డాక్టర్లు దీన్ని పీటీఎస్‌డీ అంటారు. ఆ పేరు వైద్య పుస్తకాల్లోకి ఎక్కిందే 1980లో, అమెరికాలో, వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల్ని చూశాక. మన పల్లెల్లో దానికి పేరు లేదు, మందూ లేదు. పని ఉండేది. నాట్లు, కలుపు, పశువులు, పిల్లలు, వాళ్ల పెళ్లిళ్లు. పొద్దంతా పనిచేసి ఒళ్లు తెలియకుండా పడుకుంటే భయానికి చోటేది? రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన సైనికుల్లోనూ ఇదే కనిపించింది. ఉద్యోగాలు చేసుకుంటూ, సంసారాలు ఈదుతూ బాగానే ఉన్నవాళ్లకు రిటైరయ్యాకో, భార్య పోయాకో, కాలో కన్నో చెడ్డాకో పీడకలలు మొదలయ్యాయి. కాబట్టి మీ అత్తమ్మది నాటకం కాదు, గాలీ కాదు. వయసు మీదపడితే నిన్నటి సంగతి మరుపుకొస్తుంది, చిన్ననాటిది మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. అది కూడా ఆమెకు ఎదురు తిరిగింది.

ఉత్తరంలో మీరు చివరన ఒక మాట రాశారు, మామయ్య మంచం సంగతి. నేను రెండుసార్లు చదివింది ఆ వాక్యాన్నే. చలికాలం కూడా తలుపు దగ్గర వాకిట్లో పడుకున్న మనిషి గాలి కోసం పడుకున్నట్టు లేదు. ఆయనకు తెలుసు అనిపిస్తోంది నాకు. ఆమె చెప్పిందో, ఆయనే గ్రహించాడో, ఇద్దరూ ఏనాడూ మాట్లాడుకోలేదో, ఏమో. ఆయన దగ్గు, చుట్ట వాసన, మంచం కిర్రుమన్న చప్పుడు వింటూ ఆమె లోపల నిద్రపోయింది. ఆయన పోతే మీకు మామయ్య పోయారు. ఆమెకు భర్తతో పాటు కాపలా కూడా పోయింది. దానికి తోడు కంటికి కట్టు, ఆసుపత్రి, ముఖాలు మసక. భయం లేవడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇంకోటి, కోతలప్పుడు ఎక్కువవుతోంది అని రాసి వదిలేశారు. మీ వైపు మిషన్ కోత అయ్యాక పొలాల్లో కొయ్యలకు నిప్పు పెడతారు కదా, సాయంత్రానికి ఊరంతా పొగ. గడ్డి కాలిన వాసన ఆమెకు ఏ రాత్రిని తెస్తుందో ఊహించుకోండి. ఒక పాత క్యాలెండర్ తీసుకొని ఆమె భయపడ్డ రోజు మీద గుర్తు పెట్టండి. ఆ రోజు పటాకులు కాల్చారా, కరెంటు పోయిందా, లైన్‌మన్ వచ్చాడా, పొగ వచ్చిందా, రెండు ముక్కలు రాయండి. నెల తిరిగేసరికి దేనికి ఉలిక్కిపడుతోందో మీకే తెలుస్తుంది. కొయ్యలు కాల్చే రోజుల్లో సాయంత్రం కాకముందే ఆ వైపు కిటికీ మూసి, ఆమె పక్కన ఎవరో ఒకరు కూర్చుంటే చాలు.

రాత్రి లేచినప్పుడు "ఎవరూ లేరు, ఊరికే భయపడకు" అనకండి. ఆమెకు వాళ్లు కనిపిస్తున్నారు, మీరు లేరంటే మీకు తెలియదని అనుకుంటుంది. "రజాకార్లు ఎప్పుడో చచ్చిండ్రు" అని నవ్వకండి కూడా. వెనక నుంచి ముట్టుకోకుండా, ఎదురుగా వచ్చి, మెల్లగా చెప్పండి: "అత్తమ్మా, నేను నీ కోడల్ని. ఇది మన కొత్తిల్లు. గొళ్లెం పెట్టిన, నువ్వూ చూద్దువు రా." లేచి వస్తానంటే తీసుకెళ్లి చేత్తో గొళ్లెం ముట్టుకోనివ్వండి. చిన్న లైటు ఒకటి వేసి ఉంచండి, ఆమె ఆర్పేయమంటే వసారాలోకి మార్చండి. చేతికి చల్లటి నీళ్ల చెంబు ఇవ్వండి. చల్లదనం చేతికి తగిలితే మనసు ఈ రోజుకు వస్తుంది.

రొట్టెల విషయంలో పోట్లాట వద్దు. మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బా ఒకటి ఆమెదే అని ఇచ్చి, పుట్నాలు, అటుకులు, బెల్లం ముక్క పోసి పెట్టండి. తగ్గగానే అడగకుండా నింపండి. డబ్బా బరువు చేతికి తెలుస్తుంటే దాచే పని తగ్గుతుంది. పూర్తిగా మానకపోతే మానకపోనీ, చీమలతో వేగుదాం.

మీ పెద్దబ్బాయి కష్టం నాకు అర్థమైంది. ఏళ్ల తరబడి చదివి, గ్రౌండులో పరుగెత్తి తెచ్చుకున్న యూనిఫాం అది, నానమ్మకు చూపిద్దామని వచ్చాడు. ఆమె దండం పెట్టింది వాడికి కాదని చెప్పండి. ఊళ్లోకి వచ్చే ముందే బట్టలు మార్చుకోమనండి. గేటు దగ్గర నుంచే "నానమ్మా, నేను పెద్దోణ్ణి" అని పిలుస్తూ, లుంగీ కట్టుకొని రమ్మనండి. ఆమె వాడి గొంతు గుర్తుపడుతుంది.

డాక్టరు దగ్గర ఒకటి గట్టిగా అడగాలి, ఇదంతా పాత భయమేనా అని. ముసలితనంలో ఇట్లాంటి గందరగోళానికి వేరే కారణాలూ ఉంటాయి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో సోడియం పడిపోవడం, థైరాయిడ్, బీ12 తక్కువ కావడం, కొత్తగా మొదలుపెట్టిన ఏదో మాత్ర, మతిమరుపు జబ్బు తొలి దశ. రెండు మూడు రోజుల్లోనే ఒక్కసారిగా మనిషి మారిపోయినా, పగలు మగతగా పడి ఉన్నా, జ్వరమున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. సూర్యాపేటలోనూ నల్లగొండలోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, వాటి ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ అడగండి. క్యాలెండర్, మందుల అట్టలు, కంటి ఆపరేషన్ కాగితాలు వెంట ఉండాలి. వెళ్లేలోపు రాత్రి చెయ్యి దాటితే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ఏ వేళైనా పలుకుతుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. భయం, నిద్ర రెండింటికీ ఆ వయసుకు సరిపడే మందులున్నాయి, కొద్ది డోసుతో మొదలుపెట్టి చూస్తారు.

దర్గా సంగతి. మీ ఆయనకు నమ్మకం ఉంటే పోయి రండి, దానితో నాకు పేచీ లేదు, ఆమెకూ ఊరట కావచ్చు. పొగ వేయడం, జుట్టు పట్టుకొని "ఎవరు నువ్వు" అని గద్దించడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. ఇన్నేళ్ల కింద ఆమెను వణికించింది అట్లాంటి గద్దింపే కదా.

ఇక శాలువా, వీడియో. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో పాలమూరులో ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చేవాడు. 1948లో యూనియన్ సైన్యం వచ్చిన పోలీసు యాక్షన్ తర్వాత గుల్బర్గా వైపు ముస్లింల మీద జరిగిన హింసలో తండ్రిని పోగొట్టుకొని, తల్లి చెయ్యి పట్టుకొని వచ్చిన పిల్లవాడు ఆయన. మనసులో ఉన్నది కక్కేస్తే తేలికవుతుందని నమ్మి, ఒక్క మధ్యాహ్నంలో అంతా చెప్పించాను. ఆయన వారం రోజులు అన్నం ముట్టలేదని కొడుకు చెప్పాడు. మళ్లీ నా దగ్గరకు రాలేదు. గాయాన్ని మాటల్లో పెట్టించే పద్ధతులున్నాయి, నేర్చుకున్నవాళ్లు నెమ్మదిగా, మనిషి తట్టుకునే కొద్దీ చేస్తారు. సెల్‌ఫోన్ పట్టుకున్న మనవడు చేసే పని కాదది. పైగా ఆ రోజుల్లో ఆడపిల్లలు, ఆడవాళ్లు ఏమేం చూశారో ఇంట్లో మగవాళ్ల ముందు చెప్పరు, చెప్పమని అడగకూడదు. తనంతట తాను ఏదైనా అంటే చేతిలో పని ఆపి వినండి. "తర్వాతేమైంది" అని తొందరపెట్టకండి. ఆమె ఆపిన చోట మీరూ ఆపండి.

సెప్టెంబర్ 17 అంటే మైకులు, పటాకులు, బందోబస్తుకు ఖాకీలు. ఆ రోజుకు ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు, ఇంకొకరు సమైక్యత అంటారు. వాళ్ల వాదన వాళ్లది, అందులోకి ఆమెను కుర్చీ వేసి కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. ఇవ్వాలనుకుంటే సర్పంచి ఇంకో రోజు ఇద్దరు ఆడవాళ్లతో ఇంటికి వచ్చి శాలువా ఇచ్చి, చాయ్ తాగి పోవచ్చు. అదీ ఆమెను అడిగాకే. వీలైతే 17న ఆమెను కూతురింటికో చెల్లెలింటికో పంపండి.

మీ ఆయన దర్గా కంటే ముందు చేయగల పని ఒకటుంది. ఇవాళ రాత్రి నుంచి మంచం వాకిట్లోకి మార్చమనండి. మామయ్య దాన్ని తలుపుకు ఎటు పక్కన వేసేవారో, తల ఏ దిక్కుకు పెట్టుకునేవారో మీరు ఊహించకండి, అత్తమ్మనే అడిగి, ఆమె చూపించిన చోట వేయండి.