పంటిలోని మూలకణాలు ఎముకను కడతాయా?

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు. అడ్డంగా ఇరుక్కున్న జ్ఞానదంతం తీసేయాలన్నారు. పంటి లోపలి మూలకణాలు (వేరే రకం కణాలుగా మారగలిగే కణాలు) విరిగిన ఎముకను అతికిస్తాయని చదివాను. అవే ఎముకగా మారిపోతాయా?

జవాబు: కొంతవరకు మారగలవు. కానీ వాటి గొప్పతనం అందులో లేదు. పంటి నడుమ నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం దంతమజ్జ. అందులో మూలకణాలున్నాయని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 2000లో చూపించారు. వాటిని కాల్షియం ఫాస్ఫేట్ పొడితో కలిపి ఎలుకల చర్మం కింద పెడితే తయారైంది ఎముక కాదు, డెంటిన్, అంటే పంటిలోని గట్టి పదార్థం. 2003లో పాలపళ్ల కణాలతో ఇలాగే చేసినప్పుడు ఎముక వచ్చింది. తీరా చూస్తే దాన్ని కట్టిన కణాలు ఎలుకవే! మనిషి కణాలు వాటిని పురమాయించాయంతే. ఇవి ఇటుకల కంటే మేస్త్రీ పనే ఎక్కువ చేస్తాయి.

ఆ పురమాయింపు ఎలా? మొదట, వీఈజీఎఫ్ వంటి ప్రోటీన్లు వదిలి కొత్త రక్తనాళాలను రప్పిస్తాయి. రక్తం సరిగా అందని చోట ఎముకకు బదులు మృదులాస్థో పీచు కణజాలమో మిగిలిపోతుంది. తర్వాత, వాపును రేపే రోగనిరోధక కణాలైన మాక్రోఫేజ్‌లను గాయం మాన్పే బాటకు మళ్లిస్తాయి. ఇక ముఖ్యమైనది, ఎముకను తొలిచే కణాలకూ కట్టే కణాలకూ మధ్య తూకం. ర్యాంక్‌ఎల్ అనే ప్రోటీన్ తొలిచే కణాలను తయారు చేయిస్తుంది. ఓపీజీ అనే మరో ప్రోటీన్ దాన్ని దారిలోనే పట్టేస్తుంది. ఉద్రేకించిన టీ కణాలు (మరో రకం రోగనిరోధక కణాలు) ర్యాంక్‌ఎల్‌ను పెంచుతాయి. ఎముక తరిగిపోయేలా అండాశయాలు తీసేసిన ఎలుకలకు పాలపళ్ల మూలకణాలు ఎక్కిస్తే ఆ టీ కణాల జోరు తగ్గింది, ఎముక నష్టమూ తగ్గింది.

అలాగని తొలిచే కణాలను పూర్తిగా ఆపేస్తే మంచిదనుకోకండి. ఒక చోట తొలవడానికి రెండు మూడు వారాలు, తిరిగి నింపడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. మొదటిది జరగకపోతే విరిగిన చోట ఏర్పడిన గడ్డ ఎముక అలాగే ఉండిపోతుంది, బరువు మోసే తీరుకు తగ్గట్టు మలుచుకోదు.

ప్రశ్న: తీసిన పంటి మజ్జను అక్కడికక్కడే నలిపి, పన్ను ఊడిన గుంటలో పెడితే ఎముక త్వరగా నిండుతుందంటున్నారు. చేయించుకోవచ్చా?

జవాబు: తొందరపడొద్దు. ఇటలీ పరిశోధకులు 2009లో, ల్యాబ్‌లో పెంచిన మజ్జ కణాలను కొల్లాజెన్ స్పాంజిలో ఉంచి కింది దవడ గుంటల్లో పెట్టారు. మూడు నెలలకు ఎముక బాగానే నిండింది. మూడేళ్ల తర్వాత అదే చోట చూస్తే ఉండాల్సిన స్పాంజిలాంటి బోలు ఎముకకు బదులు దట్టమైన ఎముక ఉంది. గుంట నిండడం వేరు, అక్కడికి తగిన ఎముక రావడం వేరు. ఎక్స్‌రేలో తెల్లగా కనిపించినంత మాత్రాన రెండోది జరిగినట్టు కాదు. పైగా మీరడిగినట్టు కణాలను పెంచకుండా, మజ్జను నలిపి పెట్టి రెండో వైపు గుంటతో పోల్చిన మరో ప్రయోగంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆరోగ్యవంతుల్లో ఆ గుంట మామూలుగానే నిండుతుంది కాబట్టి అక్కడ ఏ చికిత్సకైనా తేడా చూపించడం కష్టం.

ప్రశ్న: పాప పాలపన్ను ఊడింది. తుడిచి డబ్బాలో పెట్టాం. రెండు నెలలైంది. మూలకణాలకు పనికొస్తుందా?

జవాబు: రాదు. ఎండిన మజ్జలో కణాలు బతకవు. ఫ్రీజర్‌లో పెట్టినా లాభం లేదు, మంచు స్ఫటికాలు కణాల పొరను చీల్చేస్తాయి. కణాలు కావాలంటే పన్ను పూర్తిగా వదులు కాకముందే, లోపల ఎర్రటి కణజాలం ఉండగానే తీయాలి. యాంటీబయాటిక్ కలిపిన కల్చర్ ద్రవంలో (కణాలను పెంచే ద్రవం), 4 డిగ్రీల దగ్గర, 24 గంటల్లోపు ల్యాబ్‌కు చేరాలి. లోతుగా పుచ్చిన పన్ను, రూట్ కెనాల్ చేసిన పన్ను మొదటే పక్కన పెట్టేస్తారు.

ప్రశ్న: బయోటెక్నాలజీ విద్యార్థిని. మజ్జ కణాలను ఎముక వైపు మళ్లిస్తున్నాను. 21వ రోజు, కాల్షియాన్ని ఎర్రగా చూపే అలిజరిన్ రెడ్ రంగు వేస్తే ఒక్కోసారి కణాల పొర మొత్తం లేచిపోతోంది, ఒక్కోసారి ప్లేటులో కణాల్లేని బావి (చిన్న గుంట) కూడా ఎర్రబడుతోంది.

జవాబు: ఇవి రెండు వేర్వేరు సమస్యలు. పొర లేచిపోవడానికి కారణం కణాలు మరీ కిక్కిరిసి ముడుచుకోవడం. ప్లేటు నిండీనిండక ముందే ఎముక వైపు మళ్లించే మందులు మొదలుపెట్టండి. ద్రవం మార్చేటప్పుడు సగమే తీసి, పైపెట్ మొనను గోడకు ఆనించి నెమ్మదిగా పోయండి. మూడు నుంచి ఐదో పాసేజ్ (కణాలను కొత్త ప్లేటుకు మార్చిన విడత) లోపు కణాలే వాడండి.

కణాల్లేని చోట ఎరుపు వస్తుంటే, ఫాస్ఫేట్ అందించడానికి కలిపే బీటా గ్లిసరోఫాస్ఫేట్‌ను అనుమానించండి. 10 మిల్లీమోలార్ దాటితే కణాల ప్రమేయం లేకుండానే కాల్షియం ఫాస్ఫేట్ పేరుకోవచ్చు. ఎముక వైపు మళ్లించే మిగతా మందుల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ 10 నుంచి 100 నానోమోలార్, ఆస్కార్బిక్ ఆమ్లం మి.లీ.కు 50 మైక్రోగ్రాములు చాలు. మామూలు ఆస్కార్బిక్ ఆమ్లం 37 డిగ్రీల దగ్గర త్వరగా పాడవుతుంది, ఫాస్ఫేట్ చేర్చిన రకం నిలుస్తుంది. అలిజరిన్ పీహెచ్ 4.1–4.3 మధ్య ఉండాలి. రంగు వేసే ముందు ఆఖరి కడుగు ఫాస్ఫేట్ బఫర్‌తో కాక డిస్టిల్డ్ నీళ్లతో చేయండి. ఇంకో సంగతి: అలిజరిన్ పట్టుకునేది కాల్షియాన్నే, ఎముకను కాదు. ఎముక కట్టే కణాలు తయారుచేసే ఆస్టియోకాల్సిన్ ప్రోటీన్ కూడా చూడకుండా ఎముక కణాలు తయారయ్యాయని రాయకండి. ఫొటోలతో సరిపెట్టకుండా రంగును 10 శాతం సెటిల్‌పిరిడినియం క్లోరైడ్‌లో కరిగించి 562 నానోమీటర్ల దగ్గర కొలవండి. కణాల్లేని బావి విలువను తీసేయడం మాత్రం మరవొద్దు.