ఓసీఆర్ తప్పులు దిద్దడం కూడా ఒక చదువేనా?

ప్రశ్న: రాజమహేంద్రవరంలో బీఏ హిస్టరీ ఫైనలియర్ చదువుతున్నాను. ఇంటర్న్‌షిప్‌లో భాగంగా మా మేడం డిజిటల్ హ్యుమానిటీస్ (చరిత్ర, సాహిత్యం లాంటి చదువులకు కంప్యూటర్‌ను వాడే రంగం) ప్రాజెక్టు ఇచ్చారు. వందేళ్ల నాటి తెలుగు పత్రిక పేజీలను ఓసీఆర్ చేయడం (స్కాన్ బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్ చేత పాఠంగా మార్పించడం), వోయంట్ అనే టూల్‌లో మాటలు లెక్కపెట్టడం, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో పాత గోదావరి జిల్లా మ్యాపును ఇప్పటి మ్యాపు మీద కూర్చడం నేర్చుకున్నాను. నిజం చెప్పాలంటే ఎక్కువ రోజులు ఓసీఆర్ తప్పులు దిద్దడానికే సరిపోయాయి. అయినా ఈ పని నాకు నచ్చింది. కోడింగ్ రాదు. నాన్న బీఈడీ చేయమంటున్నారు, ఆర్ట్స్ వాళ్లు కంప్యూటర్ల వెంట పడితే రెంటికీ చెడ్డ రేవడి అవుతారంటున్నారు. దీన్ని నమ్ముకోవచ్చా? పైథాన్ నేర్చుకోవాలా? పైచదువు ఎక్కడ?

జవాబు: మీరు పంపిన రెండు ఫైళ్లూ చూశాను. ముందు వాటి సంగతే చెబుతాను. మీ ప్రశ్నల్లో సగానికి జవాబు అక్కడే ఉంది.

మొదటిది వోయంట్ గీసిన వర్డ్ క్లౌడ్, అంటే ఎక్కువసార్లు వచ్చిన మాటను పెద్దగా చూపించే బొమ్మ. అందులో అన్నిటికంటే పెద్దక్షరాల్లో కనిపిస్తున్నవి ‘అని’, ‘ఈ’, ‘గారు’, ‘యొక్క’. వందేళ్ల నాటి పత్రిక ఎందుకు, ఇవాళ్టి పేపరు పెట్టినా ఇవే వస్తాయి. ఇలాంటి మాటలను పక్కన పెట్టమని చెప్పే స్టాప్‌వర్డ్స్ జాబితా మీ పత్రిక భాషకు తగ్గట్టు మీరే రాసుకోవాలి. ‘గారు’ను తీసేయాలా ఉంచాలా అన్నది కూడా ఆలోచించాల్సిన విషయమే. ఎవరికి గారు తగిలించారు, ఎవరికి తగిలించలేదు అన్నది 1920ల నాటి సమాజం గురించి చాలా చెబుతుంది. ఆ నిర్ణయం సాఫ్ట్‌వేర్ తీసుకోలేదు, హిస్టరీ చదివిన మీరే తీసుకోవాలి.

అసలు చిక్కు దాని కింద రాసిన వాక్యంలో ఉంది. ‘స్త్రీవిద్య’ అని వెతికితే చాలా తక్కువసార్లు వచ్చింది కాబట్టి ఈ పత్రిక స్త్రీవిద్యను పెద్దగా పట్టించుకోలేదని తేల్చేశారు. తొందరపడ్డారమ్మా. తెలుగులో విభక్తులు మాటకే అంటుకుంటాయి. స్త్రీవిద్యకు, స్త్రీవిద్యను, స్త్రీవిద్యయే, స్త్రీవిద్యాభివృద్ధి అన్నీ కంప్యూటర్ దృష్టిలో వేర్వేరు మాటలు. మధ్యలో ఖాళీ వదిలి ‘స్త్రీ విద్య’ అని అచ్చువేసిన చోట్ల అవి రెండు మాటలైపోతాయి. ‘బాలికల చదువు’ అని రాసినవి మీ లెక్కలోకే రాలేదు. వోయంట్‌లో మాట చివర నక్షత్రం గుర్తు పెట్టి వెతికితే ఆ మాటతో మొదలయ్యేవన్నీ ఒకే లెక్కలోకి వస్తాయి. ముందు అది చేసి చూడండి.

దానితోనూ అయిపోదు. ఓసీఆర్ ‘ధ’ కింది చిన్న గీతను మింగేసి ‘ద’ చేస్తుంది. అరసున్నలు ఎగిరిపోతాయి. ‘ఱ’ ఉన్నచోట ఇంకేదో అక్షరం వస్తుంది. మరో దొంగ దెబ్బ ఏమిటంటే, యూనికోడ్‌లో (కంప్యూటర్లన్నీ అక్షరాలను ఒకేలా గుర్తించే పద్ధతిలో) పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక క్యారెక్టర్ వచ్చి కూర్చుంటుంది. ఒకచోట ‘కాంగ్రెస్’ చివర అది ఉండి మరోచోట లేకపోతే, మన కంటికి రెండూ ఒకటే, లెక్కపెట్టే ప్రోగ్రాముకు మాత్రం రెండు వేర్వేరు మాటలు. కాబట్టి ఏ సంఖ్య రాసినా ముందు చిన్న పరీక్ష పెట్టండి. ఎక్కడెక్కడివో కొన్ని పేజీలు తీసుకుని స్కాన్ పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చి, పేజీకి సగటున ఎన్ని తప్పులున్నాయో లెక్కవేసి, ఆ మాట రిపోర్టులోనే చెప్పండి. ఇది చేసే విద్యార్థులు అరుదు. ఇంటర్వ్యూలో ఎవరైనా మీ ప్రాజెక్టు గురించి గట్టిగా అడిగితే మిమ్మల్ని నిలబెట్టేది ఇదే.

రెండోది మ్యాపు. కష్టపడ్డారు, బాగుంది. కానీ పాత మ్యాపును ఇప్పటి మ్యాపుకు కూర్చేటప్పుడు రెండు కంట్రోల్ పాయింట్లు (రెండు మ్యాపుల్లోనూ ఒకే చోటని మీరు గుర్తు పెట్టే బిందువులు) లంకల అంచుల మీద పెట్టారు. గోదావరి గట్టున పుట్టి పెరిగిన మీకు చెప్పేదేముంది, లంకలు కోతకు గురవుతాయి, కొత్తగా మేటలు వేస్తాయి. వందేళ్ల కిందటి అంచు ఇప్పుడు అక్కడ ఉండదు. ఇంకో పాయింటు ధవళేశ్వరం దగ్గర ఉంది. మ్యాపులోది కాటన్ దొర హయాంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట, మీరు గురిపెట్టింది 1970 తర్వాత కట్టిన బ్యారేజీ. రెండూ ఒకటి కావు. కదలని గుర్తులు చూసుకోండి: పాత గుడి, రైల్వే స్టేషన్, కొండ మీది సర్వే రాయి. క్యూజీఐఎస్ ఎవరికైనా కొద్ది రోజుల్లో వస్తుంది. ఏ గుర్తును నమ్మాలో తెలియడానికి మాత్రం ఆ నేల చరిత్ర తెలియాలి.

ఇప్పుడు మీరు కాస్త సిగ్గుపడుతూ రాసిన మాటకు వస్తాను, ఎక్కువ రోజులు తప్పులు దిద్దడానికే సరిపోయాయన్న మాటకు. ఈ రంగం పుట్టిందే అలాంటి పనిలోంచి. రాబర్టో బూసా అనే ఇటలీ జెసూట్ ఫాదర్ 1949లో అమెరికా వెళ్లి ఐబీఎం అధిపతి థామస్ వాట్సన్‌ను కలిశారు. మధ్యయుగపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ లాటిన్ రచనల్లోని ప్రతి మాటకూ సూచిక తయారుచేయడానికి యంత్రాల సాయం కావాలని అడిగారు. ఆ పనికి దాదాపు 30 ఏళ్లు పట్టింది, 56 సంపుటాలుగా అచ్చయింది. మిలాన్ దగ్గర గల్లరాతె అనే ఊళ్లో లక్షల కొద్దీ పంచ్ కార్డులు (ఆనాటి యంత్రాలు చదివే రంధ్రాల అట్టలు) కొట్టి సరిచూసింది ఎక్కువగా మీ వయసు అమ్మాయిలే. బూసా పేరు ప్రతి పుస్తకంలోనూ కనిపిస్తుంది, ఆ అమ్మాయిల పేర్లు చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఇటీవలి పరిశోధకులు వెతికి పట్టుకుని మాట్లాడాకే వాళ్ల సంగతి కొంత బయటికి వచ్చింది. ఇది ఎందుకు చెబుతున్నానో చివర్లో మీకే తెలుస్తుంది.

మీ చేతిలో ఉన్న విలువైన సరుకు ఆ దిద్దుబాటే. కంప్యూటర్ సైన్స్ విద్యార్థి వోయంట్‌ను ఒక మధ్యాహ్నంలో నేర్చుకుంటాడు. గ్రాంథికం చదివి, సంధి విడదీసి, ఇది అచ్చుతప్పా ఆనాటి రాత పద్ధతా అని చెప్పడం అతనికి అంత త్వరగా రాదు. మీకు వచ్చేసింది.

ఇక ఉద్యోగాలు. సూటిగా చెబుతాను. ‘డిజిటల్ హ్యుమానిటీస్’ అనే పేరుతో ప్రకటన కోసం ఎదురుచూస్తే మన రెండు రాష్ట్రాల్లో నిరాశే. పని ఉంది, ఆ పేరుతో లేదు. ఆర్కైవ్స్, లైబ్రరీలు, మ్యూజియంల డిజిటైజేషన్ ప్రాజెక్టుల్లో ఉంది. భారతీయ భాషల అనువాదం కోసం కేంద్రం 2022లో మొదలుపెట్టిన భాషిణి లాంటి కార్యక్రమాలకు, ఏఐ కంపెనీలకు శుభ్రమైన తెలుగు పాఠం కావాలి. తెలుగు పబ్లిషర్ల దగ్గరైతే యూనికోడ్ కాని అను ఫాంట్లలో పేజ్‌మేకర్ మీద కంపోజ్ చేసిన పుస్తకాలు కుప్పలుగా ఉన్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మారిస్తే గానీ ఈ-బుక్కులు కావు, సెర్చ్‌లో దొరకవు. కన్వర్టర్ మార్చాక మిగిలిపోయే తప్పులను పట్టుకోగల మనిషి వాళ్లకు కావాలి. కంప్యూటర్ మ్యాపుల పనిలో (జీఐఎస్) ఇంకాస్త ముందుకు వెళితే సర్వే, టౌన్ ప్లానింగ్, నీటిపారుదల పనులు చేసే సంస్థలున్నాయి, కానీ అక్కడ జాగ్రఫీ, ఇంజినీరింగ్ వాళ్లతో పోటీ గట్టిగా ఉంటుంది. పైన చెప్పిన వాటిలో చాలావరకు కాంట్రాక్టు పనులు. ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. మీ నాన్నగారి భయం ఇదే అయితే అది ఉత్త భయమేం కాదు.

అందుకే రెజ్యూమేలో టూల్స్ పేర్లు వరుసగా రాయొద్దు. వోయంట్, క్యూజీఐఎస్, టెసరాక్ట్, జొటేరో, గెఫీ అని రాస్తే ఎదుటివాళ్లకు ఏమీ తెలియదు. పూర్తయిన పని ఒక్కటి చూపించండి. మీరు చేసిన పత్రికనే తీసుకుని ఒక్క ఏడాది సంచికలకు పరిమితం చేయండి. ఏ సంచికలో ఏ వ్యాసం, రాసిందెవరు, ఏ విషయం మీద, ఏ ఊరి ప్రస్తావన అన్నవి ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించండి. దిద్దిన పాఠాన్ని తెలుగు వికీసోర్స్‌లో (పాత పుస్తకాల పాఠాన్ని అందరూ కలిసి దిద్దే వెబ్‌సైట్‌లో) పెట్టండి. అక్కడ పేజీ మొదట ఎర్రగా ఉంటుంది, ఒకరు దిద్దితే పసుపవుతుంది, రెండో మనిషి సరిచూశాకే ఆకుపచ్చ అవుతుంది. మీరు చేసిన ప్రతి మార్పూ మీ ఖాతా పేరుతో ఆ పేజీ మార్పుల చరిత్రలో నిలిచి ఉంటుంది. నేనీ పని చేశానని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలిసి లేదు, పైగా ఉచితం.

పెట్టేముందు కాపీరైట్ చూసుకోండి. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. పత్రిక వందేళ్లదైనా వ్యాసం రాసినవారు 1970లో కన్నుమూస్తే 2030 చివరి దాకా ఆగాల్సిందే.

మీ ఊరు ఇలాంటి పనికి ఎంత అనువైనదో గమనించారా? వీరేశలింగం గారు 1874లో మొదలుపెట్టిన వివేకవర్ధని పత్రికను నడిపిన ఊరు. గౌతమీ గ్రంథాలయం మీకు నడక దూరం కాకపోయినా ఆటో దూరం. స్కాన్ కాపీ మసకగా ఉన్నచోట అసలు ప్రతి దొరుకుతుందేమో వెళ్లి చూసే అవకాశం హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చున్నవాళ్లకు లేదు.

పైథాన్ సంగతి. నేర్చుకోండి, కానీ మూడు నెలలు ఫీజు కట్టి చేరే కోర్సుతో మొదలుపెట్టకండి. అక్కడ బ్యాంకు ఖాతాలు, షాపింగ్ కార్ట్‌ల ఉదాహరణలతో విసుగొస్తుంది, ‘నాకు కోడింగ్ రాదు’ అని మళ్లీ నాకే ఉత్తరం రాస్తారు. ముందు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ (ఒకే నమూనాలో ఉన్న అక్షరాల వరుసలను వెతికే సూత్రాలు) నేర్చుకోండి. ఓసీఆర్ పదేపదే చేసే ఒకే రకం తప్పులను వాటితో ఒక్క దెబ్బకు పట్టుకోవచ్చు. తర్వాత చిందరవందరగా ఉన్న ఊరి పేర్లు, మనుషుల పేర్ల పట్టికలను సరిచేయడానికి ఓపెన్‌రిఫైన్ అనే సాఫ్ట్‌వేర్. అవి చేతికి అలవాటయ్యాక, ఇవి సరిపోవడం లేదని మీకే అనిపించిన రోజున పైథాన్ మొదలుపెట్టండి. ‘ప్రోగ్రామింగ్ హిస్టారియన్’ అనే వెబ్‌సైట్‌లో మీలాంటి హ్యుమానిటీస్ వాళ్ల కోసం రాసిన ఉచిత పాఠాలున్నాయి. తెలుగులో ఉండవు, ఇంగ్లిష్‌లో చదువుకోవాలి, దానికి టెన్షన్ పడొద్దు, వాక్యాలు తేలిగ్గానే ఉంటాయి.

పైచదువుకు ఐఐటీ జోధ్‌పూర్‌లో డిజిటల్ హ్యుమానిటీస్ ఎమ్మెస్సీ ఉంది. అర్హతలు, ప్రవేశ విధానం వాళ్ల వెబ్‌సైట్‌లో ఈ ఏడాదివి చూసుకోండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హిస్టరీ ఉంది, భాష వైపు మొగ్గు ఉంటే అప్లయిడ్ లింగ్విస్టిక్స్ అండ్ ట్రాన్స్‌లేషన్ స్టడీస్ సెంటర్ ఉంది. ఈ యూనివర్సిటీలో చేరడానికి దారి సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష. దాని నోటిఫికేషన్ ఇటీవల డిసెంబరు, జనవరి నెలల ప్రాంతంలో వస్తోంది, ఫైనలియర్ పరీక్షల హడావుడిలో మరిచిపోకండి. మంచి ప్రాజెక్టు ఎలా ఉంటుందో చూడాలంటే జాదవ్‌పూర్ యూనివర్సిటీవాళ్లు 2013లో తెచ్చిన ‘బిచిత్ర’ చూడండి. ఠాగూర్ రాతప్రతులు, అచ్చు ప్రతులు పక్కపక్కన పెట్టి ఎక్కడ ఏ మాట మారిందో అందులో పోల్చుకోవచ్చు. ఇంటర్ చదివే తమ్ముడో చెల్లో ఉంటే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్స్‌తో కలిపి హ్యూమన్ సైన్సెస్ చదివే డ్యుయల్ డిగ్రీ ఉందని చెప్పండి. మీకు ఆ దారి దాటిపోయింది.

నన్నడిగితే, డిగ్రీ పేరులో ‘డిజిటల్’ అన్న మాట ఉండాలన్న పట్టుదల వద్దు. మీకు ఎమ్మే హిస్టరీ, దాని వెనకే ఏడాది లైబ్రరీ సైన్స్ డిగ్రీ నప్పుతాయి. ఎమ్మేతో హిస్టరీలో నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాయొచ్చు, లైబ్రరీ సైన్స్ డిగ్రీతో కొన్ని లైబ్రేరియన్ పోస్టులకు అర్హత వస్తుంది, డిజిటైజేషన్ ప్రాజెక్టు పెట్టేవాళ్లు వెతికేది కూడా దాదాపు ఇలాంటివాళ్లనే. కాంట్రాక్టు పని ఆగిపోయినా కాలు పెట్టుకోవడానికి చోటుంటుంది.

నాన్నగారితో వాదనకు దిగొద్దు. బీఈడీ మీకు శత్రువేం కాదు. ఎడ్‌సెట్ కూడా రాసి పెట్టుకోండి, ఎమ్మే సీటు రాకపోతే ఏడాది వృథా కాదు. ఆయనకు వర్డ్ క్లౌడ్ చూపిస్తే ఏమీ అర్థం కాదు. మ్యాపు చూపించండి, కంట్రోల్ పాయింట్లు సరిచేశాక. మీ తాతగారి ఊరు ఎక్కడుందో అందులో వెతికి పెట్టమని ఆయన్నే అడగండి.

ఒక్క పని మాత్రం ఈ వారంలోనే చేయండి. ప్రాజెక్టు వెబ్‌సైట్‌లోనూ, రిపోర్టులోనూ పాఠం దిద్దినవారిగా మీ పేరు, మీతో పనిచేసిన మిగతా విద్యార్థుల పేర్లు వేయమని మేడం గారిని అడగండి. అలాగే ‘ఇంటర్న్‌షిప్ పూర్తిచేసినది’ అని ఒక్క ముక్క రాసే సర్టిఫికెట్ కాకుండా ఏయే సంచికలు, ఎన్ని పేజీలు, ఏ పద్ధతిలో దిద్దారో వివరంగా రాసిన లెటర్ తీసుకోండి. సెమిస్టర్ అయిపోయి అందరూ చెదిరిపోయాక ఆ లెటర్ కోసం కాలేజీ చుట్టూ తిరగాల్సి వస్తుంది.