రెండు గంటల్లో కలంకారీలో ఏం నేర్పగలం?

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. బీకాం ఆఖరి ఏడాది. నాన్న కలంకారీ వేస్తారు. వచ్చినవాళ్లకు పని చూపించి, కాస్త నేర్పే వర్క్‌షాప్ ఇంట్లోనే పెట్టాలని ఉంది. ముందు టూరిజంలో ఎంబీఏ చేయమంటారా?

జవాబు: ఎంబీఏ ఎక్కడికీ పోదు. టూరిజం కోర్సులు నడిపే కేంద్ర సంస్థ ఐఐటీటీఎం పక్కనే నెల్లూరులో ఉంది, తర్వాతైనా చేరొచ్చు. ముందు తేల్చుకోవాల్సింది ఇదీ: వారాల తరబడి సాగే పనిలో, రెండు గంటల్లో పూర్తయ్యేది ఏది?

నల్ల గీత ఒక్కటే. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఎండబెట్టిన గుడ్డ మీద కసిం, అంటే ఇనుముతో చేసే నల్ల సిరా, ముంచిన కలం ఆనించగానే, కరక్కాయ వగరు, కసింలోని ఇనుము కలిసి గీత కళ్లముందే నల్లబడుతుంది. ఆ క్షణంలో ఎవరూ ఫోన్ వైపు చూడరు. ఎరుపు అలా కాదు. పటిక నీళ్లు పూసినప్పుడు రంగే కనిపించదు. అది ఆరాలి, పారే నీళ్లలో ఉతకాలి, మంజిష్ఠ లాంటివాటితో ఉడకాలి. ఎరుపు కావాలన్నవాళ్ల దగ్గర అడ్రసు, పోస్టు ఖర్చు తీసుకుని పూర్తయ్యాక పంపండి. ఒక్కో దశలో ఆపిన గుడ్డల్ని వరసగా తగిలిస్తే మీరు చెప్పాల్సింది సగం తగ్గిపోతుంది.

తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు కుండలో ఊరి కసిం కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. బుకింగ్ వచ్చాక మొదలుపెడితే అందదు. మరీ ఘాటుగా ఉంటే కొన్నాళ్లకు గీత వెంబడే గుడ్డ చివికిపోతుంది. గంజి పూర్తిగా వదలని గుడ్డకు కరక్కాయ సమంగా పట్టదు, పాలు పలచనైతే గీత పాకుతుంది. ఇవన్నీ నాన్నకు తెలిసినవే. వచ్చేవాళ్లతో ఇబ్బంది వేరు: కలాన్ని గట్టిగా నొక్కి బొట్టు పడేస్తారు, ఆ బొట్టు పోదు. మొదటి పావుగంట పాత ముక్కల మీదే గీయించండి. ఆ తర్వాత చింతబొగ్గుతో చేపో నెమలో ముందే గీసి ఉంచిన అడుగు చదరపు గుడ్డ ఇవ్వండి. బ్యాచ్‌కు ఎనిమిది మంది చాలు, నేర్పేవాళ్లు ఇద్దరుండాలి. ఏప్రాన్లు మరవకండి, పట్టుచీర మీద కసిం పడితే గొడవే.

ఫీజు దగ్గర మీ బీకాం పనికొస్తుంది. చాలామంది గుడ్డ, రంగుల ఖర్చు చూసి ధర చెప్పేస్తారు. నాన్న ఆ పూట వదులుకున్న పని విలువే అసలు ఖర్చు.

గుడి రద్దీ మీద ఆశ పెట్టుకోకండి. రాహుకేతు పూజ అయ్యాక నేరుగా ఇంటికే వెళ్లాలనే పట్టింపు చాలామందికి ఉంటుంది. తిరుపతి స్కూళ్లకు, చెన్నై డిజైన్ కాలేజీలకు ఫొటోలతో మెయిల్ పెట్టండి.

చిన్న వ్యాపారాలను నమోదు చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం. నాన్నకు హస్తకళల శాఖ ఇచ్చే కళాకారుల గుర్తింపు కార్డు, పెహచాన్, లేకపోతే తీయించండి. శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ (ఈ ఊరి ప్రత్యేకతగా ఇచ్చే భౌగోళిక) గుర్తింపు ఉంది, కాబట్టి అదే బల్ల మీద స్క్రీన్ ప్రింట్ చీరలు కలిపి అమ్మొద్దు.

మొదటి నాలుగు బ్యాచ్‌లకు ఆదాయం, ఖర్చుతోపాటు నాన్న పని ఎన్ని గంటలు ఆగిందో కూడా రాసిపెట్టండి. ఎంబీఏ సంగతి ఆ లెక్క చూశాక మాట్లాడుకోవచ్చు.