రెండు బీర్ కిట్లు కలిపే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇంట్లో బీరు చేసుకునే కిట్లు, అంటే మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) పాకం డబ్బాలు, రెండు ఒకే ఫెర్మెంటర్లో (బీరు పులిసే పాత్రలో) పోసేయొచ్చా అని అడిగావు. పోయొచ్చురా, చాలామంది చేసే పనే. ఒక డబ్బాకి కిలో పంచదార కలిపితే బీరు పల్చగా వస్తుంది. ఆ పంచదార మానేసి రెండో డబ్బా పోస్తే చిక్కదనం వస్తుంది, మాల్ట్ రుచి తెలుస్తుంది, నురుగు కూడా కాసేపు నిలుస్తుంది. మత్తు మాత్రం నువ్వు ఊహించినంత పెరగదు. 1.7 కిలోల డబ్బా, కిలో పంచదార కలిపి 23 లీటర్లు చేస్తే, పులియకముందు హైడ్రోమీటర్ (నీళ్లతో పోలిస్తే ద్రవం ఎంత చిక్కగా ఉందో చెప్పే పరికరం) సుమారు 1.039 చూపిస్తుంది. పంచదార లేకుండా రెండు డబ్బాలైతే 1.044 దగ్గర ఆగుతుంది. రెట్టింపయ్యేది చేదు. నువ్వు లెక్క చూసుకోవాల్సింది దాన్నే.

కిట్‌లో ఉండేది ఉత్త మాల్ట్ కాదు. ఒక్క డబ్బా మొత్తం నీళ్లకి సరిపోయేలా హాప్స్ అనే పూల చేదు ముందే పట్టించి ఉంటారు. తయారీదారు ఇచ్చే ఐబీయూ (చేదు కొలత) అంకె వందల్లో ఉంటే అది డబ్బాలోని చిక్కటి పాకానికి చెప్పిన లెక్క. దాన్ని డబ్బా బరువుతో గుణించి, మొత్తం లీటర్లతో భాగించు. 400 అని ఉందనుకో, 1.7తో గుణించి 23తో భాగిస్తే 30 వస్తుంది. అలాంటివి రెండు పోస్తే 60. అది గట్టి ఐపీఏకి (హాప్స్ బాగా వేసే ఒక రకం బీరుకి) ఉండే చేదు. కానీ ఐపీఏలో ఉండే హాప్స్ వాసన ఇందులో ఉండదు, వట్టి చేదే మిగులుతుంది. నాకైతే ఆ గ్లాసు ఖాళీ చేయడం కష్టం.

అందుకని రెండు స్టౌట్ (నల్లటి బీరు) కిట్లు కలపకు. స్టౌట్‌కి తోడు గోధుమ బీరు కిట్ లాంటి చేదు తక్కువది చూడు. డార్క్ ఏల్‌తో తేలికపాటి లాగర్ కలిపితే ముదురు రంగు బీరైన పోర్టర్‌కి దగ్గరగా వస్తుంది, బాగుంటుంది. అసలు నా ఓటు వేరేదానికి: నచ్చిన కిట్ ఒకటి తీసుకుని, రెండోదాని బదులు హాప్స్ లేని మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ డబ్బా కొను. చేదు ఉన్నచోటే ఉంటుంది, చిక్కదనం ఒక్కటే పెరుగుతుంది. రెండు కిట్లూ ఇప్పటికే కొనేసి ఉంటే పర్వాలేదులే, వాడేయ్. ఎక్కువ రోజులు దాచినకొద్దీ డబ్బాలో పాకం రంగు ముదిరిపోతుంది.

ఈస్ట్ (కిట్‌తో వచ్చే, బీరును పులియబెట్టే పొడి) దగ్గర తొందరపడకు. రెండు ప్యాకెట్లూ ఏల్ ఈస్ట్ అయితే రెండూ చల్లేయ్, 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉంచు. ఒకటి అసలైన లాగర్ ఈస్ట్ అయితే దానికి 10 నుంచి 14 డిగ్రీల చలి కావాలి. అంత చల్లగా ఉంచే ఏర్పాటు లేకపోతే దాన్ని పక్కన పెట్టి ఏల్ ఈస్టే వాడు. డబ్బా మీద లాగర్ అని ఉన్నంత మాత్రాన లోపల లాగర్ ఈస్టే ఉందనుకోకు, సూచనల్లో ఏ ఉష్ణోగ్రత రాశారో చూడు.

డబ్బాలు కాసేపు వేడినీళ్లలో ఉంచితే పాకం సులువుగా జారుతుంది. మరిగించకు, ఉన్న కాస్త హాప్స్ వాసన కూడా పోతుంది. ఫెర్మెంటర్ అంచు దాకా నింపకు. ఇంత మాల్ట్‌కి నురుగు బాగా పొంగుతుంది, మూత మీద దాకా రావచ్చు. సామాన్లు శుభ్రం చేయడం గురించి నీకు మళ్లీ చెప్పక్కర్లేదు.

సీసాల్లోకి పోసేటప్పుడు మాత్రం డబ్బాలు రెండయ్యాయి కదా అని, గ్యాస్ పుట్టడానికి వేసే పంచదార రెండింతలు వేయకు. లీటరుకి 6 నుంచి 8 గ్రాములు చాలు. రెండు రోజుల తేడాతో తీసిన హైడ్రోమీటర్ రీడింగులు ఒకేలా ఉంటేనే నింపు, లేకపోతే సీసాలు పేలతాయి. ఆ తర్వాత రెండు నెలలు ఆగు. చేదు ఎక్కువైన బీరు మెత్తబడటానికి ఆ మాత్రం టైం పడుతుంది. అప్పటికీ గొంతు దిగకపోతే, తాగేటప్పుడు గ్లాసులో తేలికపాటి బీరు సగానికి సగం కలుపుకో.

ఇట్లు,
మీ మామయ్య