చదరంగంలో ప్రత్యర్థి బలగం ఇంకా ఇంట్లోనే ఉన్నప్పుడు దాడి ఎలా చేయాలి?

ఎదుటివాడు క్వీన్‌ను మూడు నాలుగు సార్లు తిప్పాడు, రాజు మధ్యలోనే ఉన్నాడు, మీరు క్యాస్లింగ్ (రాజును రూక్‌తో కలిపి ఒకే ఎత్తులో పక్కకు జరపడం) కూడా చేసేశారు, అయినా దాడి తేలిపోయి ఆట సమానమైపోతోంది, ఎందుకని అడిగారు.

నేను చూసినంతలో దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే. అప్పటికి బయటికొచ్చిన రెండు మూడు పావులతోనే చెక్‌లు మొదలుపెట్టేస్తాం. ప్రతి చెక్‌కీ ఎదుటివాడు ఒక గుర్రాన్నో బిషప్‌నో అడ్డం పెడతాడు. అంటే అతని డెవలప్‌మెంట్, అదే పావులను ఇంట్లోంచి పనిలోకి తేవడం, మనమే దగ్గరుండి పూర్తి చేయిస్తున్నామన్నమాట. మెట్రోలో ఎల్బీ నగర్ నుంచి అమీర్‌పేట దాకా ఫోన్‌లో బ్లిట్జ్ (కొద్ది నిమిషాల ఆట) ఆడే కుర్రాళ్ల ఆటలు పక్కనుంచి చూస్తుంటాను. సగం దాడులు ఇలాగే పోతాయి.

డెవలప్‌మెంట్‌లో ముందుండటం ఎక్కువసేపు నిలిచే లాభం కాదు. నాలుగైదు ఎత్తులు దొరికితే ఎవరైనా సర్దుకుంటారు. ఆలోపే మధ్యలో ఫైల్ (నిలువు వరుస) తెరవాలి. అందుకు బంటు ఖర్చయినా ఫర్వాలేదు. మూడు టెంపోలు (ఒక్కో టెంపో అంటే ఒక ఎత్తు వ్యవధి) ఒక బంటుతో సమానమని పాత లెక్క ఒకటుంది. ఎదుటి రాజు ఈ8లోనే (నల్ల రాజు మొదట ఉండే గడి) ఉంటే వాటి విలువ ఇంకా ఎక్కువ అంటాను నేను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆదివారం రాపిడ్ టోర్నమెంట్‌లో నాకు సరిగ్గా మీలాంటి పొజిషనే వచ్చింది. స్కాండినేవియన్ ఓపెనింగ్. నల్లపావుల క్వీన్ ఏ5లో ఉంది, తెల్లగళ్ల బిషప్‌ను నా గుర్రం కోసం ఇచ్చేశాడు, బీ8 గుర్రం కదల్లేదు. ఈ7కి బిషప్ వచ్చింది కాబట్టి తర్వాతి ఎత్తు క్యాస్లింగే. నేను డీ5కి బంటును తోశాను. అతను ఈ6 బంటుతో దాన్ని తిన్నాడు, ఈ-ఫైల్ తెరుచుకుంది. వెంటనే రూక్ ఈ1. ఇప్పుడు ఈ7 బిషప్‌ను కాపాడుతున్నది రాజొక్కడే. క్యాస్లింగ్ చేస్తే ఆ బిషప్ పోతుంది. క్వీన్‌ను మళ్లీ డీ8కి తెస్తే ఇంకో టెంపో పోతుంది. కాసేపు ఆలోచించి రాజును ఎఫ్8కి జరిపాడు. ఆ తర్వాత హెచ్8 రూక్ ఆట అయిపోయేదాకా మూలలోనే ఉండిపోయింది. అంటే నేను ఒక రూక్ ఎక్కువతో ఆడినట్టే. చూడండి, ఇంతలో నేను ఒక్క చెక్ కూడా ఇవ్వలేదు.

ఇది బాగా తలకెక్కాలంటే 1858లో పారిస్ ఒపేరాలో అమెరికా ఆటగాడు పాల్ మోర్ఫీ ఆడిన ఆటను బోర్డు మీద పేర్చుకుని చూడండి. ఎదురుగా ఇద్దరు, బ్రన్స్‌విక్ డ్యూక్, కౌంట్ ఇజువార్, కలిసి ఆడారు. పదిహేడు ఎత్తుల్లో మేట్. అందరూ చివర్లో ఇచ్చేసిన క్వీన్ గురించే చెబుతారు. నాకు మాత్రం ఎనిమిదో ఎత్తు ముఖ్యం. బీ7లో బంటు ఉచితంగా దొరుకుతోంది. తింటే నల్ల క్వీన్ బీ4లో చెక్ ఇచ్చి క్వీన్లు మార్చేసుకుంటుంది. బంటు లాభం, కానీ దాడి ఉండదు. మోర్ఫీ దాన్ని వదిలేసి సీ3కి గుర్రం తెచ్చాడు. పన్నెండో ఎత్తులో క్వీన్ వైపు క్యాస్లింగ్, దాంతో ఒక రూక్ డీ-ఫైల్ మీదికి వచ్చేసింది. దాన్ని డీ7లో బలి ఇచ్చి, వెంటనే రెండో రూక్‌ను డీ1కి తెచ్చాడు. తెల్లవైపు పనిలో లేని పావు అంటూ ఒక్కటీ మిగల్లేదు. నల్లవైపు ఎఫ్8 బిషప్, హెచ్8 రూక్ చివరిదాకా కదల్లేదు.

కాబట్టి బలి గురించి ఆలోచించే ముందు మీ ఏ1, హెచ్1 రూక్‌లు ఏం చేస్తున్నాయో చూసుకోండి. ఊరికే కూర్చున్నదాన్ని ముందు రప్పించండి. క్వీన్లు మార్చుకోవడానికి ఎదుటివాడు తహతహలాడుతుంటే ఒప్పుకోకండి, అతనికి కావలసింది అదే.

మధ్యలో బంట్లు ఒకదానికొకటి ఎదురుగా ఇరుక్కుని సెంటర్ మూసుకుపోయి ఉంటే మాత్రం లెక్క వేరు. ఫ్రెంచ్ డిఫెన్స్ అనే ఓపెనింగ్‌లోని అడ్వాన్స్ వేరియేషన్ లాంటి వాటిలో రెండు మూడు టెంపోలు వెనకబడినా రాజుకి వెంటనే ప్రమాదం రాదు. అక్కడ తొందరపడి బంటును బలి ఇస్తే ఆ బంటు ఊరికే పోతుంది.

వీలైతే మీ ఆట నొటేషన్ (ఎత్తుల జాబితా) ఒకటి పెట్టండి. క్యాస్లింగ్ తర్వాత మీరు వేసిన నాలుగైదు ఎత్తులు చూస్తే ఎక్కడ జారిపోతోందో చెప్పొచ్చు.