చేత్తో నడిపితే నడిచే స్క్రిప్ట్ క్రాన్‌లో ఎందుకు నడవదు? సాయం ఎలా అడగాలి?

మీరు అడిగింది ఇది: బ్యాకప్ తీసే చిన్న షెల్ స్క్రిప్ట్ రాసుకున్నారు. టెర్మినల్‌లో చక్కగా నడుస్తోంది, క్రాన్‌లో (చెప్పిన వేళకు కమాండ్లను తనంతట తానే నడిపే ప్రోగ్రామ్) పెడితే ఏమీ జరగట్లేదు. రెండు చోట్ల అడిగారు. ఒక చోట ఎవరూ పలకలేదు, ఇంకో చోట తలా ఒక మాట చెప్పారు, ఏదీ పనిచేయలేదు. ఇలాంటి చిన్న చిన్న షెల్ ఇబ్బందులకు అసలు సాయం ఎలా దొరుకుతుందని మీ ప్రశ్న.

నేను ఏళ్ల తరబడి షెల్‌తోనే (టెర్మినల్‌లో కొట్టిన కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్) పని చేస్తున్నాను. అడిగేవాళ్లలోనూ ఉన్నాను, జవాబు చెప్పేవాళ్లలోనూ ఉన్నాను. రెండు వైపులా ఉండి చూశాక గట్టిగా నమ్మేది ఒకటుంది. ప్రశ్న రాసేటప్పుడు "ఇది అక్కర్లేదులే" అని మనం తీసేసిన ముక్కలోనే చాలాసార్లు తప్పు దాక్కుని ఉంటుంది. కాబట్టి లైన్ ఎలా ఉంటే అలాగే పెట్టాలి. కుదించాలనుకుంటే ఊహతో కాదు, ప్రతిసారీ నడిపి చూసుకుంటూ కుదించాలి.

ఇది నాకు తెలిసొచ్చింది కూడా అచ్చం మీలాంటి సమస్యతోనే. క్రాన్‌ట్యాబ్‌లో, అంటే క్రాన్ ఎప్పుడు ఏం నడపాలో రాసే పట్టికలో, ఒకే ఒక లైన్ పెట్టాను. ఒక ఫోల్డర్‌ను టార్‌తో ఒకే ఫైల్‌గా కట్టి, ఆ ఫైల్ పేరులో ఆ రోజు తేదీ చేర్చి, అవుట్‌పుట్టునూ ఎర్రర్లనూ ఒక లాగ్ ఫైల్‌లోకి మళ్లించాను. తేదీ కోసం డాలర్ గుర్తు, బ్రాకెట్ల మధ్య డేట్ కమాండ్ పెట్టి, దానికి ప్లస్, పర్సెంట్, క్యాపిటల్ ఎఫ్ ఇచ్చాను. అదే లైన్ టెర్మినల్‌లో పేస్ట్ చేస్తే ఫైల్ వచ్చేసేది. తెల్లారి చూస్తే మాత్రం బ్యాకప్ ఫైల్ లేదు. లాగ్ ఫైల్ కూడా లేదు. ఎర్రర్ వస్తే లాగ్‌లో పడాలి కదా, అసలు లాగే పుట్టలేదేంటని బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

ప్రశ్న రాసేటప్పుడు చదివేవాళ్లకు సులువుగా ఉంటుందని లైన్‌ను "శుభ్రం" చేశాను. తేదీ ముక్క తీసేసి, ఫైల్ పేరు మామూలుగా పెట్టాను. నలుగురు స్పందించారు. పాత్ వేరియబుల్ (కమాండ్లను ఏయే ఫోల్డర్లలో వెతకాలో చెప్పే జాబితా) చూడమని ఒకరు, ఫోల్డర్‌కు రాసే అనుమతి ఉందో లేదో చూడమని ఒకరు, క్రాన్ సర్వీస్ నడుస్తోందా అని ఒకరు, కమాండ్‌కు పూర్తి పాత్ ఇవ్వమని ఇంకొకరు. రెండు రోజులు అన్నీ చేశాను. లాభం లేదు. ఆ తర్వాత ఒకాయన ఒక్క మాట అడిగారు: "క్రాన్‌ట్యాబ్ మైనస్ ఎల్ కొట్టి, వచ్చింది వచ్చినట్టు ఇక్కడ పెట్టండి." పెట్టాను. కొద్దిసేపటికే జవాబు వచ్చింది: పర్సెంట్ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి.

సంగతేంటంటే, క్రాన్‌ట్యాబ్ లైన్‌లో పర్సెంట్ గుర్తుకు ప్రత్యేకమైన అర్థం ఉంది. మొదటి పర్సెంట్ దగ్గర కమాండ్ అయిపోయినట్టే. ఆ తర్వాత ఉన్నదంతా ఆ కమాండ్‌కు స్టాండర్డ్ ఇన్‌పుట్‌గా, అంటే అది చదువుకునే సమాచారంగా, వెళ్తుంది. అంటే షెల్‌కు అందింది మూయని బ్రాకెట్‌తో సగంలో తెగిపోయిన లైన్. నా లాగ్ మళ్లింపు ఆ పర్సెంట్‌కు కుడివైపున ఉంది కాబట్టి అదీ తెగిపోయింది. అందుకే లాగ్ పుట్టలేదు. సింటాక్స్ ఎర్రర్ వచ్చింది, కానీ అది వెళ్లాల్సింది నా లోకల్ మెయిల్‌బాక్స్‌కు. ఆ సిస్టమ్‌లో మెయిల్ పంపే ప్రోగ్రామే లేదు కాబట్టి క్రాన్ దాన్ని పారేసింది.

మొదటి నలుగురూ తప్పు చెప్పలేదని ఇక్కడ గట్టిగా చెప్పాలి. నేను చూపించిన లైన్‌కు వాళ్లు చెప్పినవే సరైన అనుమానాలు. నేను చూపించింది నా లైన్ కాదు, అంతే. వాళ్ల సమయం, నా రెండు రోజులు అలా పోయాయి. మీకు తలా ఒక మాట చెప్పారన్నారు చూడండి, అలా జరిగిందంటే చెప్పేవాళ్లకు కావలసింది ఇంకా వాళ్ల కళ్లముందు లేదని అర్థం.

అలాగని మూడు వందల లైన్ల స్క్రిప్ట్ మొత్తం తెచ్చి పడేస్తే ఎవరూ చదవరు. మీకు ఒక చోట ఎవరూ పలకకపోవడానికి కారణం బహుశా అదే అయి ఉంటుంది. కుదించాలి. దానికి నేను వాడే పద్ధతి ఇది. స్క్రిప్ట్‌ను వేరే ఖాళీ ఫోల్డర్‌లోకి కాపీ చేస్తాను. సగం తీసేసి నడుపుతాను. తప్పు ఇంకా కనిపిస్తోందా? అయితే తీసేసిన సగంతో పని లేదు. తప్పు మాయమైందా? అయితే ఆ సగాన్ని వెనక్కి తెచ్చి, ఇంకో ముక్క తీస్తాను. ఇలా ఆరేడు సార్లు చేస్తే చాలాసార్లు పది లైన్లలోపు మిగులుతుంది. నిజం చెప్పాలంటే సగానికి పైగా సందర్భాల్లో నేను ప్రశ్న అడగకుండానే జవాబు దొరికింది.

దీనికి ఒక ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను. ఒకసారి లాగ్ ఫైల్‌లో కొన్ని లైన్లు లెక్కపెట్టాలి. గ్రెప్ (కావలసిన లైన్లను వెతికి ఇచ్చే కమాండ్) అవుట్‌పుట్టును పైప్ (ఒక కమాండ్ అవుట్‌పుట్టును ఇంకోదానికి అందించే గుర్తు) ద్వారా, ఒక్కో లైన్ చదివే వైల్ రీడ్ లూప్‌లోకి పంపి, లోపల కౌంటర్‌ను ఒకటి చొప్పున పెంచుతున్నాను. లూప్ లోపల ఎకో పెడితే 1, 2, 3 అని పెరుగుతూ కనిపిస్తోంది. లూప్ దాటగానే 0. కుదిస్తూ పోయాను. ఫైల్ తీసేసి, దాని బదులు ప్రింట్ఎఫ్‌తో మూడు లైన్లు పైప్‌లోకి పంపాను. తప్పు అలాగే ఉంది. అంటే ఫైల్‌ది తప్పు కాదు. పైప్ తీసేసి, లూప్‌కు అవే మూడు లైన్లున్న ఫైల్‌ను నేరుగా < గుర్తుతో ఇచ్చాను. కౌంటర్ 3 చూపించింది. అంటే తేడా అంతా పైప్‌లోనే ఉంది. నేను వాడే బాష్ అనే షెల్‌లో పైప్‌కు అటూ ఇటూ ఉన్న ప్రతి భాగం మామూలుగా సబ్‌షెల్‌లో, అంటే అసలు షెల్ తన నుంచి విడిగా పుట్టించే ఇంకో షెల్‌లో, నడుస్తుంది. కౌంటర్ పెరిగింది ఆ సబ్‌షెల్‌లో. లూప్ అయిపోగానే సబ్‌షెల్ పోయింది, దాంతోపాటు లెక్కా పోయింది. జెడ్‌షెల్ అనే ఇంకో షెల్‌లో మాత్రం పైప్ చివరి భాగం అసలు షెల్‌లోనే నడుస్తుంది కాబట్టి అదే కోడ్ 3 చూపిస్తుంది.

అందుకే ఏ షెల్ అనేది ప్రశ్న మొదటి లైన్‌లోనే చెప్పమంటాను. "లైనక్స్‌లో" అంటే సరిపోదు. మ్యాక్‌ఓఎస్‌లో 2019లో వచ్చిన కాటలీనా నుంచి కొత్త యూజర్లకు డిఫాల్ట్ షెల్ జెడ్‌షెల్. దాంతోపాటు వచ్చే బాష్ మాత్రం ఇప్పటికీ 3.2 వెర్షనే. అసోసియేటివ్ అర్రేలు (నంబర్లకు బదులు పేర్లతో విలువలు దాచేవి) బాష్ 4లో వచ్చాయి కాబట్టి అవి వాడిన స్క్రిప్ట్ అక్కడ నడవదు. ఉబుంటులో 2006లో వచ్చిన 6.10 నుంచి ఎస్‌హెచ్ అనే కమాండ్ కొడితే నడిచేది బాష్ కాదు, డాష్ అనే ఇంకో షెల్. జోడు చదరపు బ్రాకెట్లతో రాసిన కండిషన్ దానికి అర్థం కాదు. స్క్రిప్ట్ మొదటి లైన్‌లో బాష్ అని రాసి ఉన్నా, మీరు "ఎస్‌హెచ్, స్పేస్, స్క్రిప్ట్ పేరు" అని నడిపితే ఆ మొదటి లైన్ ఉత్త కామెంట్ అయిపోతుంది. కాబట్టి స్క్రిప్ట్‌తోపాటు దాన్ని ఎలా నడిపారో ఆ కమాండ్ కూడా పెట్టాలి.

ఎర్రర్‌ను ఫొటో తీసి పెట్టకండి, దయచేసి. టెక్స్ట్‌గా పెట్టండి. ఫొటోలోంచి లైన్‌ను కాపీ చేసి నడిపి చూడటం ఎవరికీ కుదరదు. పైగా కొన్ని తప్పులు కంటికి కనిపించవు. విండోస్‌లో ఎడిట్ చేసిన ఫైల్‌లో ప్రతి లైన్ చివర ఒక క్యారేజ్ రిటర్న్ (లైన్ ముగిసిందని విండోస్ పెట్టే గుర్తులో భాగం) ఉండిపోవచ్చు. షెల్ దాన్ని కూడా కమాండ్‌లో భాగం అనుకుంటుంది. మొదటి లైన్‌లో అది ఉంటే "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" లాంటి ఎర్రర్ రావచ్చు, కళ్లముందు మాత్రం పాత్ సరిగ్గానే ఉంటుంది. ఫైల్‌ను తెరమీద చూపించే గ్నూ క్యాట్ కమాండ్‌కు మైనస్ క్యాపిటల్ ఏ ఇచ్చి ఫైల్ చూస్తే, డాలర్ గుర్తుకు ముందు ^ఎం అని బయటపడుతుంది. అనుమానం ఉన్న ప్రతిసారీ ఆ అవుట్‌పుట్టే ప్రశ్నలో పెట్టండి.

అడిగేముందు షెల్‌చెక్‌లో ఒకసారి వేయండి. విదార్ హోలెన్ రాసిన ఉచిత టూల్ అది. స్క్రిప్ట్‌ను నడపకుండానే చదివి తప్పులు చూపిస్తుంది. వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్స్ లేకపోతే 2086 నంబరు హెచ్చరిక ఇస్తుంది. ఫైల్ పేరులో స్పేస్ ఉంటే షెల్ దాన్ని రెండు పేర్లుగా విడగొట్టేది అక్కడే. కొత్తవాళ్ల ప్రశ్నల్లో నేను మళ్లీ మళ్లీ చూసే తప్పు ఇదే. అయితే షెల్‌చెక్ చదివేది స్క్రిప్ట్‌నే. మీ క్రాన్‌ట్యాబ్‌లో ఏముందో, మీ ఫోల్డర్‌లో ఏ పేర్లున్నాయో దానికి తెలియదు. నా పర్సెంట్ లాంటిది అది పట్టుకోలేదు.

షెల్ నిజంగా ఏం నడిపిందో చూడాలంటే సెట్ మైనస్ ఎక్స్ ఉంది. ప్రతి కమాండ్‌నూ, వేరియబుళ్ల స్థానంలో వాటి విలువలు పెట్టాక, నడిపే ముందు చూపిస్తుంది. ఆ ట్రేస్‌లో తప్పు జరిగిన చోట పైన రెండు, కింద రెండు లైన్లు పెడితే జవాబు చెప్పేవాళ్లకు సగం పని తప్పుతుంది. ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగిశాక షెల్‌కు ఇచ్చే నంబరు) కూడా చెప్పండి: 127 అంటే కమాండ్ దొరకలేదు, 126 అంటే దొరికింది కానీ నడపలేకపోయింది.

యథాతథంగా పెట్టమన్నాను కదా, పాస్‌వర్డ్‌లు మాత్రం మార్చాల్సిందే. కానీ జాగ్రత్తగా మార్చండి. పాస్‌వర్డ్‌లో డాలర్, ఆశ్చర్యార్థకం, స్పేస్ లాంటివి ఉంటే తప్పు వాటి వల్లే కావచ్చు. దాని స్థానంలో ఉత్త అక్షరాలు పెడితే తప్పు మాయమై, ప్రశ్నకు అర్థం లేకుండా పోతుంది. అదే గుర్తులున్న వేరే నకిలీ పాస్‌వర్డ్ పెట్టి, నడిపి, తప్పు ఇంకా వస్తోందని చూసుకుని అప్పుడు పెట్టండి. ఏఐ చాట్‌బాట్‌ను అడిగినా ఇదంతా వర్తిస్తుంది. దానికి శుభ్రం చేసిన లైన్ ఇస్తే అదీ ఆ శుభ్రమైన లైన్‌కే జవాబు చెబుతుంది.

జవాబు ఎవరిచ్చినా, అందులో ఆర్‌ఎం (ఫైళ్లను తుడిచేసే కమాండ్) ఉంటే మొదట దాని ముందు ఎకో తగిలించి నడపండి. ఏమేం పోతాయో తెరమీద కనిపిస్తుంది. 2015లో స్టీమ్ అనే గేమ్‌ల యాప్ లైనక్స్ స్క్రిప్ట్‌లో బయటపడిన బగ్ మీరు తెలుసుకోవాలి. ఒక వేరియబుల్, ఆ తర్వాత స్లాష్, స్టార్ రాసి వాటిని తుడిచేసే లైన్ అందులో ఉండేది. వేరియబుల్ ఖాళీ అయిపోతే మిగిలేది స్లాష్, స్టార్. అంటే ఆ యూజర్‌కు అనుమతి ఉన్న ఫైళ్లన్నీ పోయినట్టే. అక్కడ కోట్స్ ఉన్నాయి, అయినా కాపాడలేదు. సెట్ మైనస్ యూ కూడా కాపాడదు, ఎందుకంటే అది అసలు సెట్ కాని వేరియబుల్‌నే పట్టుకుంటుంది, ఖాళీ విలువను పట్టుకోదు. వేరియబుల్ పేరు తర్వాత, మీసాల బ్రాకెట్ల లోపలే, కోలన్, ప్రశ్నార్థకం పెడితే ఖాళీగా ఉన్నప్పుడు స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది. బ్యాకప్ స్క్రిప్టుల్లో పాత ఫైళ్లు తుడిచే లైన్ ఉంటుంది కాబట్టి మీకు ఇది ముఖ్యం.

ఇక మీ స్క్రిప్ట్ సంగతి. డేట్ కమాండ్ క్రాన్‌ట్యాబ్ లైన్‌లో కాకుండా స్క్రిప్ట్ ఫైల్ లోపల ఉంటే పర్సెంట్ వల్ల ఇబ్బంది లేదు, స్క్రిప్ట్ లోపల దానికి ప్రత్యేక అర్థం లేదు. అప్పుడు నా మొదటి అనుమానం పరిసరాల మీద. క్రాన్ మీ టెర్మినల్ సెట్టింగులేవీ చదవదు. దానికి తెలిసిన పాత్ చాలా చిన్నది, నడిపే షెల్ ఎస్‌హెచ్, మొదలయ్యేది మీ హోమ్ ఫోల్డర్ నుంచి. స్క్రిప్ట్‌లో ఫోల్డర్ పేర్లు పూర్తి పాత్ లేకుండా ఉంటే అక్కడే తేడా కొడుతుంది. క్రాన్‌ట్యాబ్‌లో ఐదు స్టార్లు పెట్టి, ఎన్వ్ (వేరియబుళ్లను చూపించే కమాండ్) అవుట్‌పుట్టును ఒక ఫైల్‌లోకి మళ్లించే లైన్ తాత్కాలికంగా చేర్చండి. ఒక్క నిమిషం ఆగితే క్రాన్‌కు కనిపించే వేరియబుళ్లన్నీ ఆ ఫైల్‌లో ఉంటాయి. టెర్మినల్‌లో ఎన్వ్ కొట్టి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఆ ఫైల్, క్రాన్‌ట్యాబ్ మైనస్ ఎల్ అవుట్‌పుట్, స్క్రిప్ట్ మొదటి పది లైన్లు, ఈ మూడూ ఏమీ సరిచేయకుండా ఇక్కడే కింద పెట్టండి. పాస్‌వర్డ్‌లు, టోకెన్లు ఉంటే పైన చెప్పినట్టు మార్చండి. రాత్రికి తప్పకుండా చూస్తాను.