గ్రాఫ్‌ని తిట్టకు, కాలమ్‌ని చూడు

చి. బుజ్జిగాడికి,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసేసరికి అరండల్‌పేటలో పెళ్లి భోజనానికి కూర్చున్నా. కుడి చేతికి గోంగూర, ఎడమ చేతిలో నీ స్క్రీన్‌షాట్. ఏదో ఊఁ కొట్టి పెట్టేశాలే, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

మిర్చి ధరల గ్రాఫ్ గీయబోతే 'నో న్యూమరిక్ డేటా టు ప్లాట్' (గీయడానికి అంకెలే లేవు) అని ఎర్రర్ వస్తుంటే రెండు గంటలు ప్లాట్ కమాండ్‌నే మారుస్తూ కూర్చున్నావు. నీ మిర్చి ధరల ఫైల్లో పాండాస్‌కి (పైథాన్‌లో పట్టికలు చదివే లైబ్రరీకి) ఒక్క అంకె కూడా కనపడలేదురా, అంతే. ముందు డీటైప్స్, అంటే ఏ కాలమ్‌లో ఏ రకం డేటా ఉందో చూడు. ధర కాలమ్ పక్కన ఇంట్ 64 (పూర్ణాంకాలు) గానీ, ఫ్లోట్ 64 (దశాంశాలు) గానీ ఉండాలి. ఆబ్జెక్ట్ అని గానీ, కొత్త వెర్షన్లలో ఎస్‌టీఆర్ అని గానీ ఉంటే అవి నీ కంటికే అంకెలు, దానికి అక్షరాలు.

కారణం నీ స్క్రీన్‌షాట్‌లోనే ఉంది. కోల్డ్ స్టోరేజీ గుమాస్తా ఎక్సెల్‌లో 14,500 అని కామా పెట్టి కొట్టాడు. మిర్చి యార్డుకి సెలవైన రోజు ధర గడిలో 'సెలవు' అని రాశాడు. ఆయన తప్పేం లేదు, మనుషులు చదువుకోవడానికి రాసుకున్నాడు.

ఫైల్‌ని చదివించే రీడ్ సీఎస్‌వీలో థౌజండ్స్ (వేల గుర్తు) అంటే కామా అని చెప్తే సరిపోతుందనుకుంటావు. సరిపోదు. కాలమ్‌లో ఒక్క 'సెలవు' మిగిలినా మొత్తం అక్షరాలుగానే ఉండిపోతుంది, కామాలతో సహా. దాని మీద అంకెలుగా మార్చే టు న్యూమరిక్‌కి, కుదరనివాటిని ఖాళీ చేసే కోయర్స్ తగిలించావంటే 'సెలవు'తో పాటు 14,500 కూడా నాన్ (ఖాళీ విలువ) అయి కూర్చుంటుంది. అందుకే వేటిని ఖాళీగా లెక్కించాలో చెప్పే ఎన్ఏ వాల్యూస్‌లో 'సెలవు', ఖాళీకి పెట్టిన గీత రెండూ ఇచ్చి, థౌజండ్స్ కూడా అదే లైన్లో ఇవ్వు. లక్షల కామా ఉన్నా ఇబ్బంది లేదు, అది కామాని తీసేస్తుందంతే.

కోయర్స్ వాడక తప్పకపోతే ముందూ వెనకా నాన్‌లు లెక్కపెట్టు. కొత్తగా నాన్ అయిన గడుల్లో అసలు ఏముండేదో యునీక్‌తో (ఒక్కో విలువని ఒక్కసారే చూపిస్తుంది) బయటికి తీసి చూడు. యార్డులో తాలు కాయల్ని పారబోస్తారా? ఏరి విడిగా కుప్ప పోస్తారు, దానికీ ఒక ధర కడతారు. నాన్‌లని సున్నాతో మాత్రం నింపకు. సెలవు రోజున తేజ రకం మిర్చి ధర నేలకి పడిపోయినట్టు గీత వస్తుంది. ఖాళీ ఉంటే ఉండనీ.

ఎర్రర్ వచ్చిందని ఏడుస్తున్నావు గానీ, రాకపోతే ఇంకా ప్రమాదం. అవే అక్షరాల్ని నేరుగా గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కి ఇచ్చి చూడు, నోరెత్తకుండా గీసేస్తుంది. కొత్త విలువ ఎదురైనప్పుడల్లా ఇంకో మెట్టు పైన పెడుతుంది కాబట్టి ధర రోజూ పెరుగుతున్నట్టే ఉంటుంది. పైన పటారం, లోన లొటారం.

నేనూ పడ్డా ఇలాగే, ఆర్ అనే ఇంకో భాషలో. 2020లో దాని 4.0 వెర్షన్ వచ్చేదాకా అది చదివిన అక్షరాల్ని వాటంతటవే ఫ్యాక్టర్‌గా, అంటే ఒక్కో విలువకి ఒక వరస నంబరు (లెవెల్) వేసి మార్చేసేది. ఫ్యాక్టర్ మీద నేరుగా యాజ్ న్యూమరిక్ (అంకెలుగా మార్చు) అన్నా. వచ్చింది ధర కాదు, లెవెల్ నంబరు. 10200, 8500, 9800 ఉంటే అక్షర క్రమంలో 1, 2, 3 అయిపోయాయి. అన్నిటికన్నా ఎక్కువ ధర అట్టడుక్కి వెళ్లింది. ఆ గ్రాఫ్ పట్టుకుని మీటింగ్‌లో పావుగంట మాట్లాడాను కూడా. ముందు యాజ్ క్యారెక్టర్ (అక్షరాలుగా మార్చు), ఆ తర్వాతే యాజ్ న్యూమరిక్ అని ఆ రోజు వంటబట్టింది.

తేదీలు కూడా చూసుకో. 03-04 అంటే మనకి ఏప్రిల్ 3, పాండాస్‌కి మార్చి 4. డే ఫస్ట్ ట్రూ (రోజే ముందు) అని చెప్పు.

ఇంకోటి. నీ ఫైల్లో పన్నెండో వరసలో 1,450 ఉంది, పైనా కిందా 14 వేల పైమాటే. సున్నా జారినట్టుంది. అది నిక్షేపంలాంటి నంబరు కాబట్టి ఏ ఎర్రరూ రాదు. నువ్వే ఒక సున్నా చేర్చేయకు, గుమాస్తా దగ్గర చిట్టా పుస్తకం ఉంటుంది, పొద్దున్నే ఫోన్ చేసి అడుగు. పదకొండు దాటితే కాటాల దగ్గర ఉంటాడు, ఎత్తడు.

మీ పెదనాన్న,
గుంటూరు